గ్రాఫిక్స్ కలిసిన కొత్త ల్యాప్‌టాప్ చిప్‌లు: ఇప్పుడే కొనాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా?

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చిందంటే చాలు, నెల్లూరు, కావలి, ఒంగోలు ఇళ్లలో ఏ కాలేజీ అన్నది తేలకముందే ఏ ల్యాప్‌టాప్ అన్న పంచాయితీ మొదలవుతుంది. ఈ మధ్య ఆ పంచాయితీలో కొత్త మాట ఒకటి చేరింది. "విడిగా గ్రాఫిక్స్ కార్డు ఎందుకన్నా, ఇప్పుడు ప్రాసెసర్‌లోనే వస్తోందంటగా? ఇంకా మంచిది రాబోతోందంట, ఆగమంటావా?"

సగం నిజమే. సీపీయూ, గ్రాఫిక్స్ ఒకే చిప్‌లో ఉండటం కొత్తేమీ కాదు. ఏఎండీ 2006లో ఏటీఐ అనే గ్రాఫిక్స్ కంపెనీని కొన్నది ఈ పని కోసమే. 2011లో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్, ఏఎండీ లానో రెండూ ఈ పద్ధతిలోనే వచ్చాయి. కాకపోతే చాలా ఏళ్లపాటు ఆ గ్రాఫిక్స్ స్క్రీన్ మీద బొమ్మ చూపించడానికి తప్ప పెద్దగా పనికొచ్చేది కాదు. ఇప్పుడు తక్కువ సెట్టింగ్స్‌లో ఆటలు ఆడిస్తోంది, వీడియో ఎడిటింగ్ మోస్తోంది. అయితే అన్ని చిప్‌లూ అలా చేయవు. ఒకే కంపెనీ, ఒకే సిరీస్, స్టిక్కర్ కూడా ఒకటే, లోపల గ్రాఫిక్స్ మాత్రం మూడో వంతు. అందుకని ఏ చిప్ వస్తోందన్నది కాసేపు పక్కన పెట్టి, ముందు ఏం చూడాలో మాట్లాడుకుందాం.

## మెమరీ దగ్గరే సగం తేలిపోతుంది

విడి గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. కలిసిన గ్రాఫిక్స్‌కు ఉండదు, సీపీయూ వాడే ర్యామ్‌నే అదీ వాడుకోవాలి. సోమశిల కాలువ నుంచి వచ్చే ఒక్క పిల్లకాలువ మీద రెండు మళ్లు ఆధారపడ్డట్టు. పై మడి ఎంత సారవంతమైనదైనా, కాలువలో నీళ్లే సన్నగా వస్తే రెండూ ఎండుతాయి. కాలువ వెడల్పు ఎంతో ఈ పట్టిక చూస్తే తెలుస్తుంది. ఇందులో డీడీఆర్5 అంటే స్లాట్‌లో స్టిక్‌గా పెట్టే ర్యామ్, ఎల్‌పీడీడీఆర్ అంటే బోర్డు మీదే ఉండే ర్యామ్, బిట్ అంటే ర్యామ్‌కు వెళ్లే దారి వెడల్పు.

| మెమరీ అమరిక | సెకనుకు గరిష్ఠ వేగం |
|---|---|
| డీడీఆర్5-5600, ఒక్క స్టిక్ | 44.8 జీబీ |
| డీడీఆర్5-5600, రెండు స్టిక్‌లు | 89.6 జీబీ |
| ఎల్‌పీడీడీఆర్5ఎక్స్-7500, 128 బిట్ | 120 జీబీ |
| ఎల్‌పీడీడీఆర్5ఎక్స్-8533, 128 బిట్ | 136.5 జీబీ |
| ఎల్‌పీడీడీఆర్5ఎక్స్-9600, 128 బిట్ | 153.6 జీబీ |
| ఎల్‌పీడీడీఆర్5ఎక్స్-8000, 256 బిట్ | 256 జీబీ |
| పోలిక కోసం: ఆర్‌టీఎక్స్ 4050 ల్యాప్‌టాప్ కార్డు సొంత మెమరీ | 192 జీబీ |

మొదటి రెండు వరుసలు మళ్లీ ఒకసారి చూడండి. చిప్ అదే, ఒక స్టిక్ బదులు రెండు పెడితే వేగం రెట్టింపు. మన ఊళ్లలో అమ్మే మధ్యరకం ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఒక్క స్టిక్‌తోనే వస్తాయి. రెండో స్లాట్ ఖాళీ. "16 జీబీ ర్యామ్" అని పెట్టె మీద ఉంటుంది, అది ఒకటా రెండా అన్నది ఉండదు.

మా పిన్ని కొడుకు ఒంగోలులో ఈసీఈ చదువుతున్నాడు. వాడి ల్యాప్‌టాప్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే స్లాట్‌ల దగ్గర రెండింటిలో ఒకటే వాడకంలో ఉన్నట్టు చూపించింది. కింద గ్రాఫిక్స్ పేరు యూహెచ్‌డీ. స్పెసిఫికేషన్‌లో మాత్రం ఐరిస్ ఎక్స్‌ఈ అని ఉంది. మోసమేమీ లేదు. ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ అన్న పేరు రెండు చానెళ్ల మెమరీ (అంటే ఇక్కడ రెండు స్టిక్‌లు) ఉంటేనే కనిపిస్తుంది, ఒక్క స్టిక్ ఉంటే ఆ చిప్పే యూహెచ్‌డీగా కనిపిస్తుంది. ఇంకో 8 జీబీ స్టిక్ వేసి మళ్లీ ఆన్ చేస్తే పేరు మారిపోయింది. వాడు ఆడే ఆట కూడా తడబడటం తగ్గింది.

ఇక రెండో చిక్కు. పట్టికలో కింద ఉన్న వేగవంతమైన ఎల్‌పీడీడీఆర్ మెమరీని బోర్డుకు సోల్డర్ చేసేస్తారు. తర్వాత పెంచుకునే వీలు దాదాపు ఉండదు. అంటే కొన్న రోజు తీసుకున్నదే నాలుగేళ్లూ. అందులోంచి గ్రాఫిక్స్ తన వాటా తీసుకుంటుంది కాబట్టి 8 జీబీది అసలు చూడొద్దు. 16 కనీసం. ఎడిటింగో ఆటలో ఉంటే 32.

## మిగతావి త్వరగా

గ్రాఫిక్స్ యూనిట్ల లెక్క. ఏఎండీ వాళ్లది పేరులోనే తెలుస్తుంది: రేడియాన్ 890ఎమ్‌లో 16 యూనిట్లు, 880ఎమ్‌లో 12, 860ఎమ్‌లో 8, 840ఎమ్‌లో 4. రైజెన్ ఏఐ 7 350 కొంటే 8 యూనిట్లు, పక్కనే ఉన్న ఏఐ 5 340 కొంటే 4. ధరలో తేడా కొంచెం, గ్రాఫిక్స్‌లో సగానికి సగం. ఇంటెల్ తన యూనిట్లను ఎక్స్‌ఈ కోర్లు అంటుంది. ఏఎండీ 16ని ఇంటెల్ 12తో నేరుగా పోల్చకండి, రెండింటి కొలత వేరు.

పాత సరుకుకు కొత్త నంబరు తగిలించడం కూడా ఉంది. రైజెన్ 5 7520యూ పేరులో 7 చూసి కొత్తదనుకుంటారు. లోపల జెన్ 2 కోర్లు (జెన్ అన్నది ఏఎండీ సీపీయూ తరాల పేరు, ఇప్పుడు నడుస్తున్నది జెన్ 5), రెండే రెండు గ్రాఫిక్స్ యూనిట్లు. రైజెన్ 7 7730యూ కూడా జెన్ 3, పాత వేగా గ్రాఫిక్స్. ఆన్‌లైన్ సేల్‌లో "రైజెన్ 7 ఇంత చవకా" అనిపించిందంటే ముందు దీన్ని అనుమానించండి.

వేడి మన జిల్లాల్లో చిన్న విషయం కాదు. మేలో ఒంగోలు, నెల్లూరుల్లో ఏసీ లేని గదిలో సన్నటి ల్యాప్‌టాప్ మీద గంట పని చేస్తే ఫ్యాన్ గోల పెడుతుంది, చిప్ వేగం తగ్గించుకుంటుంది. రైజెన్ ఏఐ 300 రకాలనే కంపెనీలు 15 వాట్ల నుంచి 54 వాట్ల దాకా తమ ఇష్టం వచ్చినట్టు అమర్చుకోవచ్చు. అందుకే ఒకే చిప్ ఉన్న రెండు మోడళ్ల పనితీరు ఒకేలా ఉండదు. రివ్యూ చూస్తే ఆ మోడల్ రివ్యూనే చూడండి, చిప్ రివ్యూ కాదు. చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీల్లో వాడేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఆ పొడి అడుగున గాలి రంధ్రాల్లో పేరుకుంటుంది. విప్పి శుభ్రం చేయించడానికి తేలిగ్గా ఉండే మోడలే నయం.

ఎన్‌పీయూ టాప్స్ గురించి ఒక్క ముక్క. ఎన్‌పీయూ అంటే చిప్‌లో ఏఐ పనుల కోసం ఉండే భాగం, టాప్స్ దాని వేగానికి కొలత. 50, 60, 80 అని పోటీ పడి రాస్తున్నారు. మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ పీసీకి 40 ఉంటే చాలు. దానివల్ల ఆట వేగం పెరగదు, ఆటోక్యాడ్ వేగం పెరగదు. ఆ అంకె కోసం అదనంగా డబ్బు పెట్టకండి.

## రంగంలో ఉన్నవి, రాబోతున్నవి

ఇంటెల్ కోర్ అల్ట్రా సిరీస్ 3. పాంథర్ లేక్ అంటున్నది దీన్నే. 2025 అక్టోబరులో వివరాలు చెప్పి, 2026 జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగిన సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో విడుదల చేశారు. ఇంటెల్ సొంత కొత్త తయారీ పద్ధతి 18ఏలో తయారైన తొలి ల్యాప్‌టాప్ చిప్ ఇది. పైరకంలో 12 ఎక్స్‌ఈ కోర్ల ఆర్క్ బీ390 గ్రాఫిక్స్ ఉంది. పాత తరం కంటే గ్రాఫిక్స్ 50 శాతానికి పైగా వేగమని ఇంటెల్ చెప్పుకుంది. కలిసిన గ్రాఫిక్స్‌లో ఎన్నాళ్లకో ఒక పెద్ద అడుగు పడింది ఇక్కడే అని నా అభిప్రాయం.

కానీ అక్షరం చూసుకోవాలి. కోర్ అల్ట్రా ఎక్స్7 358హెచ్, ఎక్స్9 388హెచ్ లాగా పేరులో "ఎక్స్" ఉంటేనే 12 గ్రాఫిక్స్ కోర్లు. కోర్ అల్ట్రా 7 356హెచ్‌లో, 9 386హెచ్‌లో నాలుగే. అల్ట్రా 5 338హెచ్ మాత్రం ఎక్స్ లేకపోయినా 10 కోర్లతో వస్తుంది. మధ్యరకం బడ్జెట్‌కు దిగితే నేను వెతికేది దాన్నే. నాలుగు కోర్ల రకాన్ని విడి కార్డు పెట్టే ల్యాప్‌టాప్‌ల కోసం చేశారు. విడి కార్డు లేకుండా 386హెచ్ కొనడం దండగ. అంకె పెద్దది కదా అని షాపులో అదే అంటగడతారు, జాగ్రత్త. 12 కోర్ల రకం ఎల్‌పీడీడీఆర్ మెమరీతోనే వస్తుంది కాబట్టి ర్యామ్ విషయం కొన్నరోజే తేల్చుకోవాలి.

ఏఎండీ రైజెన్ ఏఐ 400. ఇదీ 2026 సీఈఎస్‌లోనే వచ్చింది. లోపల జెన్ 5 సీపీయూ, ఆర్‌డీఎన్‌ఏ 3.5 గ్రాఫిక్స్, అంటే 2024 జులైలో వచ్చిన రైజెన్ ఏఐ 300లో ఉన్నవే. క్లాక్ కొంచెం, మెమరీ వేగం కొంచెం, ఎన్‌పీయూ కొంచెం పెంచారు. అత్యధికంగా అదే 16 యూనిట్ల 890ఎమ్. దీని కోసం ఆగినవాళ్లు ఉసూరుమన్నారు. నన్నడిగితే, 400 వచ్చిందని 300 మోడల్ ధర తగ్గితే ఆ 300నే తీసుకోండి.

ఇప్పటికే షెల్ఫ్‌లో ఉన్నవి. 780ఎమ్ ఉన్న రైజెన్ 7 8845హెచ్‌ఎస్‌కు 12 యూనిట్లు. కోర్ అల్ట్రా 7 255హెచ్‌కు ఆర్క్ 140టీ, 8 కోర్లు. అల్ట్రా 5 225హెచ్‌కు 7. బరువు, బ్యాటరీ ముఖ్యమైతే ఇంటెల్ లూనర్ లేక్ రకాలు, అంటే పేరు చివర "వీ" ఉన్నవి. వాటిలో ర్యామ్ చిప్ పక్కనే అతికి ఉంటుంది. 258వీ అంటే 32 జీబీ, 256వీ అంటే 16 జీబీ. వీ ముందున్న అంకె 8 అయితే 32, 6 అయితే 16 అని షాపులోనే లెక్క కట్టుకోవచ్చు. ఇవన్నీ పాతబడ్డాయని ఎవరైనా అంటే వినొద్దు. నూటికి ఎనభై మందికి ఇక్కడితో పని అయిపోతుంది.

ఏఎండీ రైజెన్ ఏఐ మ్యాక్స్. స్ట్రిక్స్ హేలో అంటున్నది దీన్నే. 16 సీపీయూ కోర్లు, 40 గ్రాఫిక్స్ యూనిట్లు, పట్టికలోని 256 బిట్ మెమరీ, 128 జీబీ దాకా ర్యామ్. అందులో 96 జీబీ వరకు విండోస్‌లో గ్రాఫిక్స్‌కు కేటాయించుకోవచ్చు. చాట్‌జీపీటీ లాంటి పెద్ద భాషా నమూనాలను ఇంట్లోనే నడిపించాలనుకునేవాళ్లకు ఇది వరం. మిగతా వాళ్లకు ఆ ధరలో విడి కార్డు ల్యాప్‌టాప్ కొని ఇంకా డబ్బు మిగుల్చుకోవచ్చు. మోడళ్లు కూడా వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

స్నాప్‌డ్రాగన్ ఎక్స్2. 2025 సెప్టెంబరులో క్వాల్‌కామ్ ప్రకటించింది. 18 సీపీయూ కోర్ల దాకా, బ్యాటరీ గట్టిగా వస్తుంది. కానీ ఇది ఆర్మ్ చిప్, ఫోన్లలో ఉండే రకం, ఇంటెల్, ఏఎండీ చిప్‌ల కంటే వేరు. మామూలు విండోస్ సాఫ్ట్‌వేర్‌ను అనువదించుకుని నడుపుతుంది, డ్రైవర్లను మాత్రం అలా నడపలేదు. వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్, పాత ప్రింటర్, ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ డాంగిల్... వీటికి ఆర్మ్ డ్రైవర్ ఉందో లేదో చూసుకున్నాకే. మీసేవ, బ్యాంకు మిత్ర పని చేసేవాళ్లు దీని జోలికి పోకండి. అను ఫాంట్లతో ఫ్లెక్సీలు కొట్టేవాళ్లు కూడా ముందు ఎవరిదైనా మెషీన్ మీద వేసి చూడాలి.

ఆపిల్. 2020 చివర్లో ఎమ్1తో ఈ కలిసిన చిప్‌ల పందేన్ని వేడెక్కించింది వీళ్లే. ఎమ్5 మెమరీ వేగం సెకనుకు 153 జీబీ. కోడింగ్, ఫొటో, వీడియో అయితే హాయిగా తీసుకోండి. సాలిడ్‌వర్క్స్, రెవిట్, స్టాడ్ మ్యాక్‌కు రావు. అంటే మెకానికల్, సివిల్ పిల్లలకు ఇక్కడే కథ ముగిసింది.

2027 తర్వాత. జెన్ 6 కోర్లతో మెడూసా అన్న చిప్‌ను 2027కి ఏఎండీ తన ప్రణాళికలో చూపించింది. ఇంటెల్, ఎన్విడియా 2025 సెప్టెంబరులో చేతులు కలిపాయి. ఎన్విడియా 500 కోట్ల డాలర్లు ఇంటెల్‌లో పెట్టింది, ఇంటెల్ సీపీయూకు ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ జతచేసిన చిప్‌లు చేస్తామన్నారు. చెవులకు ఇంపుగానే ఉంది. అయితే 2018లో ఇంటెల్ ఇలాగే ఏఎండీ రేడియాన్‌ను తన చిప్ పక్కన అమర్చి కేబీ లేక్-జీ అని అమ్మింది. మరుసటి ఏడాదే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కొన్నవాళ్లు డ్రైవర్ల కోసం రెండు కంపెనీల మధ్య బంతిలా తిరిగారు. ఇద్దరు కలిసి చేసే చిప్ తొలి తరం కోసం ఇప్పటినుంచే కాచుకుని కూర్చోవడం నాకైతే నచ్చదు.

## ఎవరికి ఏది

| మీ పని | చూడాల్సింది | ఆగాలా? |
|---|---|---|
| సీఎస్‌ఈ, ఐటీ విద్యార్థి | రైజెన్ ఏఐ 7 350 లేదా అల్ట్రా 5 225హెచ్, 16 జీబీ రెండు చానెళ్లు | వద్దు |
| సివిల్, మెకానికల్ | విడి కార్డు, ఆర్‌టీఎక్స్ 4050 లేదా 5050 | వద్దు |
| ఏఐ, డేటా సైన్స్ | ఎన్విడియా విడి కార్డు | వద్దు |
| పెళ్లి వీడియో, కరిజ్మా ఆల్బమ్ | ఇంటెల్ హెచ్ రకం, 32 జీబీ | బడ్జెట్‌ను బట్టి |
| హాస్టల్‌లో ఆటలు, బరువు తక్కువ కావాలి | పేరులో ఎక్స్ ఉన్న పాంథర్ లేక్ | ధర దిగేదాకా ఆగొచ్చు |
| రొయ్యల లెక్కలు, ట్యాలీ, ఆఫీసు | ఏదైనా, 16 జీబీ | అసలొద్దు |

పట్టికలో రెండు వరుసల గురించి కొంచెం చెప్పాలి.

వీడియో వాళ్ల సంగతి. ఇప్పుడు పెళ్లిళ్లలో వాడే కెమెరాలు చాలావరకు 10 బిట్ 4:2:2 హెచ్.265 అనే, రంగుల వివరం ఎక్కువ ఉంచే ఫార్మాట్‌లో రికార్డు చేస్తాయి. ఆ ఫైలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో వేయగానే టైమ్‌లైన్ ముక్కుతూ మూలుగుతూ కదులుతుంది. చాలామంది "గ్రాఫిక్స్ కార్డు చాలట్లేదు" అనుకుని పెద్ద కార్డు కొంటారు. అసలు సంగతేమంటే ఆ ఫార్మాట్‌ను విప్పే హార్డ్‌వేర్ ఇంటెల్ కలిసిన గ్రాఫిక్స్‌లో కొన్ని తరాలుగా ఉంది. ఎన్విడియాకు ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. ఏఎండీ ఆర్‌డీఎన్‌ఏ 3.5లో లేదు. ఆర్‌టీఎక్స్ 4060 ఉన్న ఏఎండీ ల్యాప్‌టాప్ కంటే కార్డు లేని ఇంటెల్ ల్యాప్‌టాప్ ఈ ఒక్క పనిలో నున్నగా నడవడం ఇందువల్లే. నెల్లూరులో స్టూడియో నడుపుతూ ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకలు ఫైళ్లు) చేసుకుంటూ రాత్రుళ్లు గడిపేవాళ్లు కొనేముందు ఈ సంగతి చూసుకోవాలి. ఇంకో లాభం కూడా ఉంది. కరెంటు పోయి బ్యాటరీ మీద పడ్డప్పుడు విడి కార్డు ల్యాప్‌టాప్ వేగం సగానికి దిగుతుంది. కలిసిన చిప్ అంత కుంటుపడదు, చిన్న ఇన్వర్టర్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది.

ఏఐ, డేటా సైన్స్ చదివేవాళ్లకు విడి కార్డు అన్నది ఒక్క వేగం కోసమే కాదు, సాఫ్ట్‌వేర్ కోసం కూడా. పాఠాలు, ప్రాజెక్టులు చాలావరకు క్యూడా అనే, ఎన్విడియా కార్డుల మీదే నడిచే వాళ్ల సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుని ఉంటాయి. ఇంటెల్, ఏఎండీ కలిసిన గ్రాఫిక్స్‌లో అది నడవదు. ప్రత్యామ్నాయాలు ఉన్నాయి గానీ రెండో సంవత్సరం పిల్లాడు అసైన్‌మెంట్ ముందురోజు రాత్రి వాటితో కుస్తీ పట్టలేడు.

ఇక ఆగడం. మామూలుగా అయితే కొత్త చిప్ ముందు లక్షన్నర ధర ల్యాప్‌టాప్‌లలో దిగుతుంది, అది 70 వేల మోడళ్ల దాకా రావడానికి నెలలు పడుతుంది, ఆలోగా పాతది చవకవుతుంది. ఓపిక ఉన్నవాళ్లకు లాభమే. ఇప్పుడు ఆ లెక్కకు గండి పడింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఊడ్చేస్తుంటే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ల్యాప్‌టాప్ ధర తగ్గుతుందని ఆరు నెలలు ఆగితే, చిప్ మీద మిగిలింది ర్యామ్ మింగేయొచ్చు. కాబట్టి ఆగాలనుకుంటే మీకు పాంథర్ లేక్ ఎక్స్ రకం నిజంగా అవసరమై ఉండాలి: ఆటలు ఆడాలి, బరువు మోయకూడదు, బ్యాటరీ కావాలి, మూడూ. వీటిలో ఒక్కటి వదులుకోగలిగినా ఇప్పుడున్న వాటిలో మీకు సరిపోయేది ఉంది.

## షాపులో

ఆన్‌లైన్ కంటే ట్రంకు రోడ్డులోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో కొనేవాళ్లకు ఒక సౌకర్యం, డెమో మెషీన్ ముట్టుకుని చూడొచ్చు. మోడల్ నంబరు పూర్తిగా రాసుకోండి. ఒకే పేరు కింద మూడు రకాల చిప్‌లు, రెండు రకాల స్క్రీన్‌లు అమ్ముతారు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్లాట్‌లు, గ్రాఫిక్స్ పేరు చూడండి. స్లాట్ ఖాళీగా ఉంటే రెండో స్టిక్ అక్కడే వేయించి, వారంటీ పోదని బిల్లు మీద రాయించుకోండి. వ్యాపారం ఉన్నవాళ్లు జీఎస్‌టీ నంబరుతో బిల్లు తీసుకుంటే 18 శాతం పన్నులో ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. చిన్న మొత్తం కాదు.

సర్వీస్ మాట. సోల్డర్ చేసిన ర్యామ్ పాడైతే బోర్డు మొత్తం మార్చాలి, వారంటీ దాటాక ఆ ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ ధరలో సగం దాకా పోతుంది. ఇలాంటి చిప్ ఉన్నది కొంటే మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ తీసుకోండి. తీసుకునేముందు మీ పిన్‌కోడ్‌కు ఇంటికొచ్చి చేస్తారా, లేక ఒంగోలు, నెల్లూరు దాకా మోసుకెళ్లాలా అని కంపెనీ సైట్‌లో చూసుకోండి. షాపువాళ్లు "వస్తారు సార్" అంటారు గానీ కందుకూరు, ఉదయగిరి లాంటి చోట్ల ఉండేవాళ్లు ఆ మాట మీద ఆధారపడొద్దు.